కళాసీల వీధిలో జెర్రిగీత

నమోదు 1

కేతకీ, ముందు నువ్వు నిన్న ఫోన్లో అన్న మాట సరిచేయాలి. "గీత మీద బండి ఆపితే తప్పు నీదే కదా అమ్మమ్మా" అన్నావు. నేను గీత మీద బండి ఆపలేదు. నేను బండి ఆపాను. ఆ తరవాత గీత వచ్చి బండి కిందికి దూరింది. ఈ రెండిటికీ తేడా తెలియని మనిషిని అప్పీలుకు ప్రతినిధిగా పెట్టుకున్నందుకు నన్ను నేనే అనుకోవాలి. కుటుంబంలో ఎవరో ఒకరి పేరు చెప్పి తీరాలని బండి పట్టుబట్టింది. మీ మావయ్య పేరు చెబితే, ఇంకెవరూ లేరా అంది. అందుకని నువ్వు.

రెండో మాట. "గుండెనొప్పి అని రాసెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నావు. గీత మీద ఆపడానికి నగరపాలకులు ఒప్పుకునే కారణాలు ఐదు: ప్రసవం, గుండెనొప్పి, ప్రమాదం, అగ్ని, చావు. మొదటిది రాస్తే ఈ వయసులో వార్తల్లోకి ఎక్కుతాను. రెండోది రాస్తే జరిమానా ఉండదు, నిజమే. కానీ 'ఆరోగ్యరీత్యా' అని చెప్పి నా ఆపే హక్కును మీ అమ్మ పేరుకు మారుస్తారు. మీ అమ్మ చేతికి ఆ హక్కు వెళితే నేను ఆవలించాలన్నా ముందు చెప్పి ఆవలించాలి.

పోనీ జరిమానా ఒప్పుకుందామా అంటే, జరిమానాయే ఆ హక్కు రద్దు. డ్రైవర్లు లేని ఈ రోజుల్లో ఇంకెప్పుడూ ఏ బండీ నేను "ఆగు" అంటే ఆగదు.

నీ వయసు వాళ్లకు అదేం పెద్ద నష్టంలా కనిపించదు. మందాకిని గుర్తుందా, మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది, నీ చిన్నప్పుడు నీకు ఆకులన్నీ వాసన చూపించేది? రెండేళ్ల కిందట వాదులాడే ఓపిక లేక జరిమానా ఒప్పేసుకుంది. ఇప్పుడు ఏ బండెక్కినా ఇల్లు, ఆస్పత్రి, కొట్టు, మళ్లీ ఇల్లు. తలుపు నంబరు ఉన్న చోటికే తీసుకెళుతుంది. దారిలో రోజూ సముద్రం తగులుతుంది. సముద్రానికి తలుపు నంబరు లేదు కదా, ఆగదు. మొన్న నాతో అంది, "ఇప్పుడు అటు చూడ్డం కూడా మానేశానే సుందరీ" అని. ఆ మాట ఆమె ఏడుస్తూ అని ఉంటే నాకింత భయం వేసేది కాదు.

ఇంతకీ నేను ఎందుకు ఆపానో నువ్వు అడగలేదు. తాటిముంజలకి. కళాసీల వీధిలో ఒకతను గంపలో లేత ముంజలు పెట్టుకుని కూర్చున్నాడు. "ఆగు" అన్నాను. ఆగింది. కింద నల్లటి రోడ్డు తప్ప ఏమీ లేదు, నా కళ్లకు ఆపరేషనయ్యాక నీకన్నా బాగా కనిపిస్తుంది. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టానో లేదో పచ్చటి వంకరగీత డ్రైనేజీ పక్కనుంచి పాక్కుంటూ వచ్చి నా చెప్పు కిందినుంచి బండి కిందికి వెళ్లింది. ముంజలవాడు గంప ఎత్తుకుని పారిపోయాడు. బండి తియ్యటి గొంతుతో, "త్రిపురసుందరి గారూ, మీరు నిషేధిత గీత మీద ఆగారు" అంది.

ముంజలు తినలేదు. అది రాసిపెట్టుకో.

నమోదు 2

అప్పీలు వేసినవాళ్లు, అది తేలేదాకా, బండి దగ్గరే ఉండాలి. బండి సాక్ష్యం, కదలకూడదు. నేనూ సాక్ష్యమే కాబోలు. బండి తన చుట్టూ నీలిరంగుతో ఒక గిరి గీసుకుంది. కాలు దాటితే అప్పీలు వెనక్కి తీసుకున్నట్టే.

గిరి లోపల ఉన్న ఆస్తి వివరం: బండి ఒకటి. బండి వెనక కరెంటు స్తంభం ఒకటి. వీధికుక్క, దాని ఇష్టం వచ్చినప్పుడు. ఎడమ పక్కనున్న ఇంటి వాకిలి మొత్తం, అరుగులో సగం, పక్కసందులో వాళ్ల స్నానాలగది. వంటిల్లు గిరికి అవతల పడింది. కాబట్టి ఈ ప్రపంచంలో నేను స్నానం చేయొచ్చు, వండుకోకూడదు.

ఆ ఇంటావిడ పేరు పారమ్మ. నా ఈడుదే. భర్త అసిరినాయుడు రేవులో సరుకులెత్తే కళాసీగా చేసి మానేశాడు, ఇప్పుడు అరుగు మీద ఉయ్యాలబల్ల ఎక్కి కూర్చోవడమే ఉద్యోగం. నేను వెళ్లి నమస్కారం పెట్టి, "కొన్నాళ్లు మీ స్నానాలగది వాడుకోవాలమ్మా" అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటండీ, మీరు పంతులమ్మగారంట కదా?"

"కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేదాన్ని."

"అంత సదువుకున్నారు, నా ముగ్గు కనపడనేదేటి మీకు? ఈదంతా కాళీగా ఉంతే నా ముగ్గు మీదకే తోలాలేటి బండి?"

అప్పుడు చూశాను. బండి ముందు చక్రం ఆవిడ చుక్కలముగ్గు సగం మీద కూర్చుని ఉంది. గీతకు భయపడే ఈ రోజుల్లో ముగ్గుకు ఎవరు భయపడతారు? సిగ్గుపడ్డాను, క్షమించమన్నాను.

"సరేలెండి, నీల్లు తోడుకోండి. తువ్వాలు మాత్రం మీది మీరు తెచ్చుకోండి" అంది.

రాత్రి సీటు వెనక్కి వాల్చి పడుకుంటున్నాను. చీరలు బండి పైన ఆరేస్తున్నాను. బండికి ఎండ అందక ఛార్జింగు తగ్గితే, "దయచేసి పైనున్న వస్తువు తొలగించండి" అంటుంది. అది వస్తువు కాదు, మంగళగిరి చీర అని చెప్పాను. వినయంగా మళ్లీ వస్తువే అంది.

నమోదు 3

నా ప్రపంచం ఇప్పుడు బండి అద్దమంత. ఎడమకు పారమ్మ వాకిలి, కుడికి ఎదురింటి గోడ, ఆ గోడ మీద వెల్ల ఊడిపోయి గుర్రంలా కనిపించే మచ్చ. నిన్నటిదాకా గుర్రం. ఈవేళ మీ మావయ్య.

ఎండ మొహం మీద కొడుతోంది, జానెడు ముందుకి జరుగు తల్లీ అని బండిని బతిమాలాను. "సాక్ష్యాన్ని కదిలించడం నేరం" అంది. పాఠం చెప్పినన్నాళ్లూ నేను కూడా పిల్లలతో ఇదే గొంతుతో మాట్లాడి ఉంటానా అని అనుమానం వచ్చింది. పోనీలే, వాళ్లకు కనీసం గంట కొట్టేవారు.

ఈ వీధివాళ్లు ఆ పచ్చగీతను జెర్రిగీత అంటారు. మంచి పేరు. వంకర్లుగా ఉంటుంది, పాకుతుంది, తెల్లారేసరికి ఎవరింటి ముందు తేలుతుందో చెప్పలేం. బళ్ల రద్దీని బట్టి దానంతటదే చోటు మార్చుకునేలా ఆ రంగును తయారుచేసినప్పుడు మా కాలేజీలో మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. ఇప్పుడు వీధి రెండు పక్కలా జెర్రే. ఏ బండీ ఆగదు. పారమ్మ చెల్లెలు ఊరి అవతలనుంచి వస్తే చేపల బజారు దగ్గర దిగి, మోకాళ్లు పట్టుకుని నడిచి వస్తుంది.

ఒక వింత చూశాను. వీధి చివరి ఇంట్లో ముసలాయన పోయాడు. శవాన్ని తీసుకెళ్లే బండి ఎలా ఆగుతుందా అని చూస్తున్నాను. ఆ ఇంటి ముందు మాత్రం జెర్రి దానంతటదే పక్కకు ముడుచుకుపోయింది. బండి వచ్చి ఆగింది, చుట్టాల బళ్లూ ఆగాయి. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

"దానికెలా తెలిసింది?" అని పారమ్మను అడిగాను.

"ఏటో మరి. ముగ్గు నేకపోతే తెలిసిపోద్దేమో. సావింట్లో ముగ్గెయ్యరు కదా" అని వంటింట్లోకి పోయింది.

మొదట్లో బళ్లు ముగ్గుల్ని రోడ్డు గీతలనుకుని బెదిరి ఆగిపోయేవి, నీకు గుర్తుండదు. ఆడవాళ్లంతా గోల చేస్తే రోడ్డుకు ముగ్గు చదవడం నేర్పారు. ముగ్గు చదవడం వచ్చినదానికి ముగ్గు లేకపోవడం చదవడం ఎంతసేపు?

నమోదు 4

అప్పీలుకు మొదటి జవాబు వచ్చింది. నీకూ ప్రతి పంపామన్నారు, నువ్వు చదవలేదని తెలుసు. సారాంశం: నేను ఆగినప్పుడు గీత అక్కడ లేదనడానికి ఆధారం చూపాలి. పాత గీతలు ఎక్కడెక్కడ ఉండేవో మీ దగ్గర లెక్క ఉంటుంది కదా, తీసి చూడండి అని అడిగాను. అలాంటి లెక్క ఉంచరట. ఎందుకంటే, జవాబులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, "గీత ఎల్లప్పుడూ ఉన్నచోటనే ఉండును."

అది చదివి ఎంతసేపు నవ్వానంటే అసిరినాయుడు ఉయ్యాల ఆపి, "పంతులమ్మగారికి ఏటో అయిపోనాదే" అని భార్యను పిలిచాడు.

నవ్వు అయ్యాక ఏడుపొచ్చింది. అది నీకు రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. గిరి అంచు దాకా నడిచి వెళ్లాను. నీలిగీతకు ఇవతల నిలబడ్డాను. చేపల బజారు మలుపు కనిపిస్తోంది. ఒక్క అడుగు వేస్తే ఇంటికి పోవచ్చు, మంచం మీద కాళ్లు చాపుకోవచ్చు. ఇంక జన్మలో ముంజలకి గాని, సముద్రానికి గాని, ఉత్తినే గాని బండి ఆపలేను. ఇక్కడ నిలబడితే ఆపగల మనిషిని, కానీ కదలలేను. కదిలితే పోగలను, కానీ ఆపలేను. ఈ లెక్క కట్టినవాడు ఎవడో గాని తెలివైనవాడు.

వెనక్కి వచ్చాను. పారమ్మ చేపల పులుసు పంపింది. గిన్నె అరుగు మీద గిరికి ఇవతల పెట్టి వెళ్లింది. చేప ముల్లు తీసుకుంటూ కూర్చుంటే మనసు కుదుటపడింది. శాకాహారినని మీ నాన్న వైపు వాళ్లకు చెప్పుకునే అలవాటు ఉన్న విషయం ఇక్కడ ఎత్తకు.

పాత నిబంధనల్లో ఒకటి ఇంకా కొట్టేయకుండా మిగిలింది: అప్పీలుదారు కోరితే ఒక మనిషి స్వయంగా వచ్చి చూడాలి. కోరాను. ఎవరూ కోరరట. పంపడానికి మనిషిని వెతకాలి, ఆగమన్నారు. ఆగక ఎక్కడికి పోతాను?

నమోదు 5

ఆధారం దొరికింది కేతకీ! నా కింద, ఇన్నాళ్లూ.

పారమ్మ రోజూ వాకిలి కడిగి ముగ్గేస్తుంది. బండి కిందికి చీపురు అందక బకెట్టుతో నీళ్లు విసురుతుంది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది. ఈవేళ విసుగొచ్చి, అసలు కింద ఏముందో చూద్దామని, తళతళలాడే స్టీలు పళ్లెం ఒకటి అడిగి తీసుకుని, రోడ్డు మీద బోర్లా పడుకుని, పళ్లాన్ని చక్రం పక్కన పెట్టి అందులో చూశాను. అటు వెళుతున్నవాళ్లు ఒక ముసలావిడ పళ్లేనికి సాష్టాంగపడిందని చెప్పుకుని ఉంటారు.

ముందు చక్రం ముగ్గును తొక్కినప్పుడు పిండి కొంచెం ఈడ్చుకుపోయింది. చక్రం లోపలివైపు ఆ తెల్లటి మరక ఇంకా ఉంది, నీళ్లు అంతవరకు చేరలేదు. జెర్రిరంగు ముగ్గుపిండి మీదికి ఎక్కదు, పక్కనుంచి తప్పుకుని పోతుంది. సున్నానికి అది అంటుకోదు, నేనైతే పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చేదాన్ని. ఇప్పుడు విను. గీత ఆ ఈడ్చిన మరక చుట్టూ కూడా వంగి వెళ్లింది. అంటే మరక ముందు, గీత తరవాత. మరక చేసింది నా చక్రం. కాబట్టి చక్రం ముందు, గీత తరవాత.

ఆ మనిషి ఎవరో వచ్చి చూసేదాకా ఆ మరక ఉండాలి. ఈవేళ నీళ్లు దానికి జానెడు దూరంలో ఆగాయి.

పారమ్మ దగ్గరికి వెళ్లాను. రేపటినుంచి వాకిలి కడగొద్దు, కడగని వాకిట్లో వెయ్యరు కనుక ముగ్గు కూడా వద్దు, ఆ మనిషి వచ్చేదాకా అని అడిగాను. అడుగుతుండగానే నేనేం అడుగుతున్నానో నాకే అర్థమైంది.

పారమ్మ మొహం ఎర్రబడింది. "మా ముసిలోడు ఉయ్యాల మీద ఊగతా ఉంతే వాకిలి బోడిగా ఒగ్గీమంటారేటి? ఈదిలోల్లు ఏటనుకుంతారు? సదువుకున్నోరు అడిగే మాటేనేటిది?"

తలుపు నంబరు లేని సముద్రం గురించి, మందాకిని గురించి చెప్పాను. చెప్పడం బాగా కుదరలేదు. వాదించడం వచ్చినంతగా నాకు బతిమాలడం రాదు.

ఉయ్యాల చప్పుడు ఆగింది. అసిరినాయుడు అన్నాడు, "ఒగ్గీయే. నాను పోనానని తెలిస్తే నీ అన్నదమ్ములు ఒస్తారు గదా. ఎవుడెంత ఏడుస్తాడో కల్లారా సూస్తాను."

"నోరు ముయ్యి! అప్రాచ్యపు మాటలు" అని పారమ్మ అతని మీదికి లేచింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నమోదు 6

తెల్లారింది. నీళ్ల చప్పుడు లేదు. కళ్లు తెరిచి చాలాసేపు అలాగే పడుకున్నాను. వాకిలి బోడిగా ఉంది.

పారమ్మ అరుగు మీద కాఫీ గ్లాసు ఠప్పుమని పెట్టింది. ఆ చప్పుడులో నా మీద ఆవిడకున్న అభిప్రాయమంతా ఉంది.

నమోదు 7

వీధంతా పరామర్శకు వచ్చింది. గుమ్మంలోకి వచ్చి, ఏడవబోయి, ఉయ్యాల మీద అసిరినాయుణ్ని చూసి, ఆ ఏడుపు ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడుతున్నారు. ఒకావిడ మాత్రం మొదలుపెట్టిన ఏడుపు వదలకుండా పూర్తిచేసింది. అతను అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. బావమరుదుల్లో ఒకడే వచ్చాడు, అతడు కూడా ముందు ఉయ్యాలబల్ల ఎవరికిస్తారని అడిగాడట. "సూసినావేటి?" అని అసిరినాయుడు భార్యకు పొద్దుటినుంచి చెబుతూనే ఉన్నాడు.

పారమ్మ అరుగు చివర కూర్చుని ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "నీకు చాలా కష్టం పెట్టాను పారమ్మా" అన్నాను.

"ఎట్టినారు" అంది. మోకాళ్లు రాసుకుంటూ, "నానూ సముద్రం సూసి సాన్నాల్లయినాది. ఈ ఈదిలో బండెక్కడ ఆగుద్ది?" అంది.

రేవు ఇక్కడికి అరమైలు లేదు. ఆవిడ మోకాళ్లకు అది పరదేశం.

నమోదు 8

కేతకీ, కొంప మునిగింది. పొద్దున్న పళ్లెం పెట్టి చూస్తే మరక ఉంది, దాని చుట్టూ వంగిన గీత లేదు. ఇంటి ముందు ఎక్కడా లేదు. ముగ్గు లేని వాకిలి చూసి, చావిల్లు అనుకుని, జెర్రి మర్యాదగా ముడుచుకుని పక్కింటి ముందుకు తప్పుకుంది. చివరింట్లో ముసలాయన పోయినప్పుడు నేను కళ్లారా చూసి, నీకు రాసి, మరిచిపోయాను. మరకను కాపాడబోయి గీతను పోగొట్టుకున్నాను.

బండి సంతోషంగా ప్రకటించింది: "మీ సానుభూతికాలంలో ఇక్కడ ఆగుట అనుమతించబడినది." మరి గిరి తీసెయ్ అన్నాను. తియ్యదట. నేరం జరిగినప్పుడు సానుభూతికాలం కాదు. గీత ఉన్నప్పుడు గీత మీద ఉన్నానని తప్పు. గీత లేనప్పుడు గీతను చూపించలేనని తప్పు.

ఇప్పుడే కబురొచ్చింది. మనిషి దొరికాడట. రేపు పొద్దున్నే వస్తున్నాడు, లేని గీతను తనిఖీ చేయడానికి.

రాయడానికి ఇంకేం లేదు. గోడ మీద మచ్చ ఈవేళ దేనిలాగా లేదు.

నమోదు 9

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నవ్వు వస్తే ఆగి నవ్వుకుని మళ్లీ చదువు.

తనిఖీ అధికారి పేరు కూర్మారావు. నలభై దాటి ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, వీధి అనేది చూసి చాలాకాలమైన మొహం. సొంత బండిలో వచ్చాడు. ఇంటి ముందు గీత లేదు కనుక ధీమాగా నా బండికి ఎదురుగా, మూతికి మూతి ఆనేలా ఆపించాడు.

దిగి, వంగి, నా బండి కింద చూశాడు. "గీతే లేదు కదమ్మా. అప్పీలు దేనిమీద?"

"లేదు కదా బాబూ. అయితే నేను గీత మీద లేనట్టేగా?"

"ఇప్పుడు లేరు. అప్పుడున్నారు."

"అప్పుడున్న గీత ఇప్పుడేమైంది? కదిలిందా?"

"గీత కదలదమ్మా. ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది." ఆ వాక్యం చెబుతున్నప్పుడు అతని కళ్లు కొంచెం మూతపడ్డాయి, చిన్నపిల్లలు ఎక్కాలు చెప్పేటప్పుడు మూసుకున్నట్టు.

నేను పళ్లెం తెచ్చి మరక చూపించాను. చుట్టూ గీత లేని మరక అతనికి ఉత్త మరక. అప్పుడు తలెత్తి బోడి వాకిలి చూశాడు, గొంతు తగ్గించి, "అయ్యో, ఇంట్లో ఎవరు పోయారు?" అన్నాడు.

"నానే" అన్నాడు అసిరినాయుడు ఉయ్యాల మీదనుంచి. "కూకోండి బాబూ, కాఫీ తాగుతారేటి?"

కూర్మారావుకు విషయం బోధపడటానికి కొంచెంసేపు పట్టింది. బోధపడ్డాక నిప్పు తొక్కినట్టు ఎగిరాడు. "చావు లేని ఇంట్లో ముగ్గు మానేసి రోడ్డును మోసం చేస్తున్నారా? ఇది ఇంకో నేరం! ఏమమ్మా, ముందు ఆ వాకిలి కడిగి ముగ్గు వెయ్యి. గీత దాని చోటికి అదే వస్తుంది, ఈవిడ దాని మీద ఉన్నట్టు నేను కళ్లారా చూసి రాసి మరీ పోతాను."

"వస్తుందంటే, కదులుతుందన్నమాటేగా?" అన్నాను.

"రావడం వేరు, కదలడం వేరు మేడమ్."

పారమ్మ నావైపు చూసింది. నేను అతని బండి వైపు చూశాను. నా బండికి ఎదురుగా, ఆ వాకిలి ముందే, తలుపులు వేసుకుని ప్రశాంతంగా నిలబడి ఉంది. పారమ్మ కూడా అటు చూసింది. నా జీవితంలో నోరు మూసుకోవడానికి ఇంత కష్టపడ్డ సందర్భం నీ తాతయ్య పెళ్లిచూపుల తరవాత ఇదే.

"పెద్దోరు సెప్తే ఎయ్యనేటి?" అని పారమ్మ కొంగు దోపుకుని, నీళ్లు బండి కిందికి పోకుండా చేత్తో చల్లి వాకిలి కడిగింది.

ఆ ముగ్గు నువ్వు చూసి ఉండాల్సింది. ఇన్ని రోజుల ఆకలి తీరా వేసింది. వాకిలి నిండా చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, అంచులకు తామరలు కట్టి. మధ్యలో నడుం పట్టుకుని లేచి, దూరంగా వెళ్లి చూసుకుని, మళ్లీ వచ్చి కూర్చుంది. కూర్మారావు అరుగు మీద కాఫీ తాగుతూ, వాళ్లమ్మ కూడా ఇలాగే వేసేదని మెత్తబడుతున్నాడు.

అతను రెండో గ్లాసు అడుగుతుండగా జెర్రి వచ్చింది. పక్కింటి ముందునుంచి వంకర్లు తిరుగుతూ, ఏ తొందరా లేకుండా, ముగ్గు అంచు తాకకుండా తప్పుకుని, ముందు నా బండి కిందికి వెళ్లింది. కూర్మారావు విజయంతో వేలు చూపించాడు. ఆ వేలు అలా ఉండగానే గీత నా బండి దాటి అతని బండి కిందికి వెళ్లింది.

"కూర్మారావు గారూ" అంది అతని బండి, అదే తియ్యటి గొంతు, "మీరు నిషేధిత గీత మీద ఆగారు." చుట్టూ నీలిగిరి గీసుకుంది.

కాఫీ గ్లాసుతో పరిగెత్తాడు. "నేను అధికారిని! విధుల్లో ఉన్నాను!"

"దయచేసి కారణం ఎంచుకోండి" అంది బండి. "ప్రసవం. గుండెనొప్పి. ప్రమాదం. అగ్ని. చావు." అధికారులు ఆఫీసునుంచే చూస్తారు కాబట్టి విధులు ఆ జాబితాలో లేవు. ఆ జాబితా తయారుచేసింది వాళ్ల ఆఫీసే.

"నేను ఆపినప్పుడు ఇది లేదు!" అని అరిచాడు. "నేను ఆపాక వచ్చింది!"

"ఎవరొచ్చారు బాబూ?" అన్నాను.

"గీత!"

ఉయ్యాల ఆగింది. కూర్మారావు మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ పోయింది.

"నీ అప్పీలు ఎవరు తనిఖీ చేస్తారు?" అని అడిగాను, ఈసారి వెక్కిరింపు లేకుండా.

"నేనే. ఈ ఊరికి నేనొక్కణ్నే. నాది నేను చూడకూడదు. పక్క ఊరినుంచి ఎవరినో వెయ్యాలి."

"ఆయన వచ్చి ఏమంటాడు?"

కళ్లు మూసుకున్నాడు. "గీత ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుందంటాడు."

"ఇదివరకు ఒక అధికారి, గీత తరవాత వచ్చిందని కళ్లారా చూసి రాసిన తీర్పు ఒకటి ఉందనుకో. అప్పుడు?"

భయంగా ఉందన్నాడు. ఈ మాట ఒకసారి రాస్తే, ఊరంతా ఇదే మాట అడుగుతుంది. మందాకిని సంగతి చెప్పాను. ఈసారి బాగానే చెప్పాననుకుంటాను. "మా అమ్మ కూడా ఒప్పేసుకుంది" అన్నాడు. "ఎందుకొచ్చిన గొడవ, సంతకం పెట్టెయ్యమని నేనే అన్నాను."

పళ్లెం అడిగి తీసుకుని, ఇస్త్రీ చొక్కాతోనే రోడ్డు మీద బోర్లా పడుకుని, మరక చుట్టూ మళ్లీ వంగిన గీతను చూశాడు. లేచి తీర్పు రాశాడు. ఒక్కటే వాక్యం: "అప్పీలుదారు ఆగిన పిమ్మట గీత వచ్చినది, నేను చూచితిని."

నా గిరి చెరిగిపోయింది. అలా నీళ్లలో ఉప్పులాగా కరిగిపోతుందని నాకు తెలియదు. కొంతసేపు అది ఉన్నచోట లోపలే నిలబడ్డాను, అలవాటు కొద్దీ. పారమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది.

బండి మాత్రం కదలదు. వెనక స్తంభం, ముందు కూర్మారావు గారి సాక్ష్యం.

నమోదు 10

నేను ఇవాళ కూడా ఇక్కడే ఉంటాను, ఈసారి నా ఇష్టం మీద. అతని అప్పీలుకు సాక్షిని నేనే. పైగా గిరిలో మొదటి రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మచ్చలో గుర్రం ఎక్కడుందో అతనికి చూపించాను.

ఇక నువ్వు చేయాల్సిన పని. రేపు వచ్చేటప్పుడు మన బీరువా కింది అరలో మీ తాతయ్య లుంగీలున్నాయి, కూర్మారావుకు నీలం గళ్లది ఒకటి తే. తెల్లది వద్దు, ఈ వాకిట్లో ఇంకొక చావు వద్దు. పారమ్మకు రెండు కిలోల ముగ్గుపిండి, రాతిపిండే, బియ్యప్పిండి కాదు. నా మోకాళ్ల నూనె సీసా కూడా, మాకిద్దరికీ అది చాలు. ఒక తువ్వాలు ఎక్కువ పెట్టు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

వీధిలోకి రాకు. ఆ ముంజలతను ఇప్పుడు చేపల బజారు మలుపులో కూర్చుంటున్నాడట, అక్కడే ఆగు. నేనూ పారమ్మా మెల్లగా నడిచి అక్కడికి వచ్చి నిలబడతాం. నువ్వు మమ్మల్ని ఎక్కించుకుని సముద్రం వైపు పోనివ్వు, అక్కడ "ఆగు" అనే మాట మాత్రం నేనే అంటాను. ముంజలు డజను తీసుకుని ఉంచు. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపల నీళ్లు కదలాలి, గట్టివి అంటగడితే తీసుకోకు. బండి ఆపే ముందు కింద చూడు. ఆపాక ఇంకోసారి చూడు.